ఫైబర్‌గ్లాస్ చదును కప్పు పొద్దుగూకే వేళ ఠప్పుమంటోంది: కారణం ఎలా కనుక్కోవాలి?

మేడగది_నల్లగొండ | ఏప్రిల్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పట్టణం. పాత డాబా మీద, మెట్లగదిని ఆనుకుని, గత కార్తీకంలో ఒక గది వేయించాము. పాత స్లాబు మీద మరో కాంక్రీటు స్లాబు బరువు మోపడం మంచిది కాదని ఇంజినీరు చెప్పారు. అందుకని ఇనుప బాక్స్ పైపుల చట్రం నిలబెట్టి, దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, ఆ ప్లైవుడ్‌కు ఫైబర్‌గ్లాస్ మ్యాట్ (గాజు నారల పరుపు) రెండు పొరలుగా రెజిన్‌తో (గట్టిపడే జిగురు ద్రవంతో) అతికించి, పైన ముదురు బూడిద రంగు పూత పూయించాము. కప్పు తూర్పు పడమరలుగా 24 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 15 అడుగులు ఉంటుంది. పడమటి అంచు మెట్లగది గోడకు ఆనుతుంది, మిగిలిన మూడు వైపులా అల్యూమినియం అంచుపట్టీ బిగించారు.

చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. శివరాత్రి దాటి ఎండలు ముదిరిన నాటి నుంచి పొద్దున కొంతసేపు టిక్కు టిక్కుమని, సాయంత్రం చీకటి పడే వేళకు ఎవరో పైనుంచి రాయి వేసినట్లు ఠప్పుమని చప్పుళ్లు వస్తున్నాయి. ఆ గదిలో మా అమ్మ పడుకుంటుంది. కప్పు కూలుతుందేమోనన్న భయంతో ఆమె పది రోజులుగా కింద హాలులోనే చాప వేసుకుంటోంది. పని చేసిన గుత్తేదారును అడిగితే, మ్యాట్ పొర పలుచగా పడిందని, ఇంకొక పొర వేస్తే చప్పుడు పోతుందని అంటున్నాడు. ఆ మాట మీద మళ్లీ డబ్బు పెట్టాలా, లేక ముందుగా చూడవలసినది వేరే ఏదైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

పాలమూరు_సివిల్ | ఏప్రిల్ 9, రాత్రి 10:25

మేడగది గారూ, ముందుగా అమ్మగారి భయం సంగతి చూద్దాం. చప్పుడు వచ్చినంత మాత్రాన కప్పు కూలుతుందని కాదు. కూలే ప్రమాదానికి గుర్తులు వేరుగా ఉంటాయి. ఇనుప అతుకుల దగ్గర వెల్డింగు వెంట సన్నని పగులు, తల తెగిన స్క్రూ, మధ్యలో కిందికి కుంగిన పైపు, ప్లైవుడ్ అడుగున తడి మచ్చ, ఈ నాలుగింటి కోసం రేపు పొద్దున టార్చి వెలుతురులో అడుగు అడుగూ చూడండి. ఒక చివర నుంచి మరో చివరకు నూలుదారం బిగించి కట్టి, ప్రతి పైపు మధ్యలోనూ దారానికీ పైపుకూ నడుమ ఎంత సందు ఉందో రాసి పెట్టుకోండి. నెల తరువాత అదే కొలత వస్తే కప్పు కుంగడం లేదని మీకే రూఢి అవుతుంది. వీటిలో ఏ గుర్తు కనిపించినా గది ఖాళీ చేసి, ఇంజినీరును పిలిపించి చూపించండి, ఇక్కడ మా మాటల కోసం ఆగవద్దు.

ఏ గుర్తూ లేకపోతే తొందర అక్కరలేదు. ఇంకొక పొర వేయించడానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి. చప్పుడు ఎక్కడ పుడుతున్నదో తెలియకుండా పైన పూసిన ఏ పూత అయినా అసలు కారణాన్ని కప్పిపెట్టడమే అవుతుంది.

ఫైబర్_పని_మిర్యాలగూడ | ఏప్రిల్ 10, ఉదయం 6:50

నేను ఇరవై ఏళ్లుగా ఫైబర్ ట్యాంకులు, కప్పులు, రైసు మిల్లుల గొట్టాలు చేస్తున్నాను. కొన్ని సంగతులు అడుగుతాను, తెలిసినంత వరకు చెప్పండి. మ్యాట్ చదరపు మీటరుకు 450 గ్రాములదా, 300 గ్రాములదా? పని ఏ వేళలో చేశారు? ప్లైవుడ్ పలకల అతుకుల మీద ముందుగా మూడు అంగుళాల పట్టీ వేసి, దాని మీద పూర్తి మ్యాట్ పరిచారా? పలకల మధ్య సందు వదిలారా, లేక ఒకదానికొకటి గట్టిగా ఒత్తి బిగించారా? ప్లైవుడ్‌కూ ఇనుప పైపుకూ నడుమ రబ్బరుగానీ ఫోము పట్టీగానీ ఉందా? అన్నిటికన్నా ముఖ్యమైనది, మెట్లగది గోడ దగ్గర పొరను ఎలా ముగించారు?

మేడగది_నల్లగొండ | ఏప్రిల్ 10, రాత్రి 8:30

పాలమూరు సివిల్ గారు చెప్పినట్లు టార్చి పట్టుకుని కప్పు అడుగంతా చూశాను. వెల్డింగు పగుళ్లు లేవు, తడి లేదు, స్క్రూలన్నీ బాగానే ఉన్నాయి. దారం కట్టి కొలతలు రాసుకున్నాను. ఈ మాట చెప్పిన తరువాత అమ్మ కొంత స్థిమితపడింది.

ఫైబర్ పని గారి ప్రశ్నలకు: మ్యాట్ 450 గ్రాములది, రెండు పొరలు. అతుకుల మీద పట్టీ వేయడం నేను కళ్లారా చూశాను. పలకల మధ్య సందు వదలలేదు. ప్లైవుడ్ నేరుగా ఇనుము మీదనే కూర్చుంది, మధ్యలో ఏమీ లేదు. గోడ దగ్గర మ్యాట్‌ను అర అడుగు పైకి మలిచి, మెట్లగది ప్లాస్టరింగు మీదనే రెజిన్‌తో అతికించేశారు. కప్పును మోసే అడ్డపైపుల పడమటి కొసలు గోడకు బిగించిన యాంగిల్ (L ఆకారపు ఇనుప) ముక్కల మీద కూర్చుని, ఒక్కొక్క బోల్టుతో బిగిసి ఉన్నాయి.

ఫైబర్_పని_మిర్యాలగూడ | ఏప్రిల్ 10, రాత్రి 9:15

గోడ దగ్గర చేసిన పని తప్పు, ఆ మాట ఇప్పుడే చెప్పగలను. గోడ కదలదు, కప్పు కదులుతుంది, ఆ రెండింటినీ రెజిన్‌తో కట్టేస్తే ఏదో ఒక రోజు అక్కడ పొర చీలుతుంది. అయితే మీరు వింటున్న చప్పుడు అక్కడిదేనని మాత్రం ఇంకా చెప్పలేను.

దేవరకొండ_భౌతికశాస్త్రం | ఏప్రిల్ 11, సాయంత్రం 5:05

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. కప్పు ఎంత కదులుతుందో లెక్క వేసి చూస్తే మన అన్వేషణకు ఒక దారి దొరుకుతుంది.

ఒక డిగ్రీ వేడి పెరిగితే ఫైబర్‌గ్లాస్ పొర ప్రతి మీటరుకూ దాదాపు 0.03 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇనుము 0.012, అల్యూమినియం 0.023 సాగుతాయి. ప్లైవుడ్ పలక పొడవు దిశలో ఇంకా తక్కువ, 0.006 దరిదాపుల్లో ఉంటుంది. ముదురు రంగు కప్పు మన ఎండలో తెల్లవారుజామున 26 డిగ్రీల నుంచి మధ్యాహ్నానికి 66 వరకు చేరుతుందనుకుంటే, తేడా 40 డిగ్రీలు. మీ కప్పు పొడవు 7.3 మీటర్లు. విడిగా ఉన్న ఫైబర్ పొర అయితే దాదాపు 9 మిల్లీమీటర్లు సాగాలి. కానీ 3 మిల్లీమీటర్ల ఫైబర్ పొర 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు గట్టిగా అతికి ఉన్నప్పుడు ప్లైవుడ్ దానిని పట్టి ఉంచుతుంది. రెండింటి మందాన్నీ బిగువునూ లెక్కలోకి తీసుకుంటే వాస్తవంగా వచ్చే కదలిక అందులో మూడో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. ఈ 3 మిల్లీమీటర్లు ఎక్కడో ఒకచోట బయటపడాలి, బయటపడే చోటనే చప్పుడు పుడుతుంది.

కదలిక నెమ్మదిగా గంటల తరబడి సాగుతున్నప్పుడు చప్పుడు మాత్రం ఒక్క క్షణంలో ఎందుకు వస్తుందని అనిపించవచ్చు. కందెన లేని ఎడ్లబండి ఇరుసు కీచుమనడం మనలో పెద్దవాళ్లు విన్నదే. రాపిడి పట్టుకుని ఉంచుతుంది, ఒత్తిడి పేరుకుంటుంది, పట్టు దాటిన క్షణంలో జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇరుసులో ఇది సెకనుకు వందలసార్లు జరగడం వల్ల కీచుమని వినిపిస్తుంది. మీ కప్పులో పావుగంటకు ఒకసారి జరగడం వల్ల ఠప్పుమని వినిపిస్తుంది.

సాయంత్రపు చప్పుడు పెద్దదిగా ఉండటానికి మరొక కారణం కూడా ఉండవచ్చు. పొద్దు వాలగానే పైపొర ముందుగా చల్లబడి ముడుచుకుంటుంది, అడుగున ప్లైవుడ్ ఇంకా వేడిగానే ఉంటుంది. అప్పుడు పలక అంచులు పైకి లేవజూస్తాయి, బిగించిన స్క్రూలనూ బోల్టులనూ లాగుతాయి.

కొల్లాపూర్_వాసి | ఏప్రిల్ 11, రాత్రి 9:50

మా ఇంట్లోనూ ఇలాంటి చప్పుడే వచ్చింది, నెల రోజులు కప్పునే అనుమానించాము. తీరా చూస్తే సోలార్ హీటరు నుంచి దిగే వేడినీళ్ల పైపు, గోడకు బిగించిన క్లాంపులో ఇరుక్కుని సాగలేక కొట్టుకుంటోంది. క్లాంపు వదులు చేసి రబ్బరు ముక్క పెట్టిన రోజు నుంచి చప్పుడు లేదు. పైపులేవైనా ఆ గదిని తాకుతున్నాయేమో చూడండి.

మేడగది_నల్లగొండ | ఏప్రిల్ 11, రాత్రి 10:10

మా హీటరు పాత డాబా మరో కొసన ఉంది, ఈ గదిని ఏ పైపూ తాకదు. అయినా రేపు ఒకసారి చూస్తాను. టీచరమ్మ గారి లెక్క నాకు బాగా అర్థమయింది. ఇప్పుడు ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కడ బయటపడుతున్నాయో ఎలా పట్టుకోవాలి? గదిలో నిలబడి వింటే చప్పుడు నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్లే ఉంటోంది.

దేవరకొండ_భౌతికశాస్త్రం | ఏప్రిల్ 12, ఉదయం 7:20

అలా అనిపించడం సహజమే. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతే, ఇనుములో దాదాపు 5,000 మీటర్లు పోతుంది. ఒక మూల పుట్టిన దెబ్బ మన చెవికి గాలి ద్వారా చేరేలోపే చట్రమంతా మోగుతుంది. అందుకని చెవిని ఒక్కదానినే నమ్మకండి, వేళనూ గుర్తులనూ నమ్మండి.

వారం రోజుల పాటు ఒక నోటుపుస్తకం పెట్టండి. చప్పుడు వచ్చిన గంట, నిమిషం, అది టిక్కా ఠప్పా, ఆ క్షణంలో ఎండ ఉందా మబ్బు పట్టిందా, గాలి ఉందా, ఇవి రాయండి. పెన్సిల్‌తో ప్రతి అతుకు మీదుగా అడ్డంగా ఒక సన్నని గీత గీయండి, సగం గీత ఒక వస్తువు మీద, సగం రెండో వస్తువు మీద పడాలి. ఉదయం ఆరింటికి గీసిన గీత మధ్యాహ్నం మూడింటికి తెగి పక్కకు జరిగితే అక్కడ కదలిక ఉన్నట్లే. అడ్డపైపు, యాంగిల్ కలిసే చోట, ప్లైవుడ్, పైపు కలిసే చోట, అల్యూమినియం పట్టీలు ఒకదానికొకటి తగిలే చోట తప్పకుండా గీయండి.

సూర్యాపేట_వెల్డింగ్ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:30

దీనికి నాదొక మాట కలుపుతాను. సాయంత్రం ఐదున్నరకు కప్పు ఇంకా వేడిగా ఉండగానే పైకెక్కి, తూర్పు కొసన ఒక గజం మేర మాత్రమే రెండు బకెట్ల నీళ్లు పోయండి. గదిలో ఒకరు కూర్చుని వినాలి. ఐదు నిమిషాల్లో చప్పుడు రాకపోతే మరో గజం పడమటికి జరిగి పోయండి. చల్లబరిచిన చోటును బట్టి చప్పుడు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఒక్కొక్క పైపుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టి వింటే కూడా తేడా తెలుస్తుంది. మోటారు బేరింగు పోయిందో లేదో మేము అలాగే చూస్తాము.

ఇనుము మీద ఇనుము రాసుకునే చోట రంగు ఊడి మెరుస్తుంది. ఆ మెరుపు కోసం చూడండి.

ఫైబర్_పని_మిర్యాలగూడ | ఏప్రిల్ 12, రాత్రి 8:40

పైకెక్కినప్పుడు రూపాయి బిళ్లతో కప్పంతా జానెడు జానెడుకూ తట్టండి. పొర బాగా అతికిన చోట గట్టిగా, ఒకే తీరుగా మోగుతుంది. గుల్లపడిన చోట బోలుగా డబ్బుమంటుంది. గుల్ల ఉన్న చోటల్లా సుద్దతో గీత గీసి ఫొటో తీయండి. రెండు కాళ్ల మీద నిలబడి మెల్లగా ఊగితే కరకరమన్నా సరే, అక్కడ పొర ప్లైవుడ్‌ను వదిలేసిందని అర్థం. పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం ఆ కప్పు మీద అరికాలు పెట్టలేరు, మనిషికి వడదెబ్బ కూడా తగలవచ్చు.

మేడగది_నల్లగొండ | ఏప్రిల్ 20, రాత్రి 9:05

వారం రోజుల పుస్తకం నిండింది. ఇంట్లో అందరం వంతులవారీగా రాశాము, సాయంత్రం వంతు ఎక్కువగా అమ్మే తీసుకుంది.

పొద్దున 7:40 నుంచి 9:15 వరకు చిన్న టిక్కులు, రోజుకు ఇంచుమించు 25 నుంచి 30. సాయంత్రం 5:50 నుంచి 7:30 లోపు పెద్ద ఠప్పులు, 9 నుంచి 11. మిగతా రాత్రంతా నిశ్శబ్దం. 16వ తేదీన మధ్యాహ్నం ఒంటిగంటకు మబ్బు కమ్మి పావుగంట నీడ పడింది, ఆ పావుగంటలో మూడు ఠప్పులు వినిపించాయి. ఆ రోజు గాలి లేదు. 18న గాలిదుమారం వచ్చినా గాలి వల్ల కొత్త చప్పుడేదీ రాలేదు. ఉష్ణోగ్రత కొలిచే తుపాకీని స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చి చూస్తే మధ్యాహ్నం రెండున్నరకు కప్పు పైన 67 డిగ్రీలు, అడుగున ఇనుప పైపు 45 డిగ్రీలు ఉంది. అల్యూమినియం పట్టీ మాత్రం 38 అని చూపించింది, అది నాకు నమ్మశక్యంగా లేదు.

నీళ్ల పరీక్ష మూడు సాయంత్రాలు చేశాను. తూర్పు కొసన, మధ్యలో పోసినప్పుడు టిక్కులే వచ్చాయి. పడమట గోడకు రెండు గజాల లోపు పోసిన ప్రతిసారీ నాలుగైదు నిమిషాల్లో ఠప్పుమంది. పెన్సిలు గీతల్లో ప్లైవుడ్ మీదివి చాలావరకు అలాగే ఉన్నాయి. పడమటి కొసన ఉన్న ఐదు యాంగిళ్లలో మూడింటి దగ్గర గీత దాదాపు 2 మిల్లీమీటర్లు తెగి జరిగింది. సూర్యాపేట అన్న చెప్పిన మెరుపు ఆ మూడింటి దగ్గరా ఉంది, రంగు ఊడి తళతళలాడుతోంది. గోడ మీదికి మలిచిన పొర వెంట నాలుగు అడుగుల పొడవున వెంట్రుకంత చీలిక కూడా కనిపించింది. రూపాయి బిళ్ల పరీక్షలో కప్పు మీది వాననీళ్లు దిగే గొట్టం దగ్గర రెండు అడుగుల మేర గుల్ల దొరికింది.

దేవరకొండ_భౌతికశాస్త్రం | ఏప్రిల్ 20, రాత్రి 9:45

చాలా శ్రద్ధగా చేశారు. అల్యూమినియం దగ్గర పరికరం తప్పు చెప్పడానికి కారణం ఉంది. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా తక్కువ వెలువరిస్తుంది, ఆకాశపు చల్లదనాన్ని అద్దంలా చూపిస్తుంది. నల్లని ఇన్సులేషన్ టేపు ముక్కను పట్టీకి అంటించి, పది నిమిషాలాగి ఆ టేపు మీద కొలిస్తే సరైన అంకె వస్తుంది.

మబ్బు పట్టిన పావుగంటే మీ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన పేజీ. సాయంత్రం కాకపోయినా, గాలి లేకపోయినా, కప్పు చల్లబడగానే చప్పుడు వచ్చింది. కాబట్టి చప్పుడుకు కారణం వేడి తగ్గడమే తప్ప వేళ కాదు.

పాలమూరు_సివిల్ | ఏప్రిల్ 21, ఉదయం 6:30

ఇప్పుడు చిత్రం స్పష్టమవుతోంది. టిక్కులు ఒక చోటివి, ఠప్పులు మరొక చోటివి, గుల్ల మూడో సంగతి. మూడింటినీ ఒకే రోగంగా భావించి ఒకే మందు వేస్తే ఏదీ నయం కాదు.

నా సలహా ఏమిటంటే ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసిన తరువాత వారం రోజులు పుస్తకం రాయండి, ఆ తరువాతే రెండోది. కప్పుకు తెల్లని చల్లపూత వేయమని చాలామంది చెబుతారు. అది మంచిదే. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని 2028 వరకు అమలయ్యేలా ప్రకటించింది. మీకు కూడా అది చివరికి అవసరమే. కానీ ఇప్పుడు మాత్రం వేయకండి. కప్పు వేడి 20 డిగ్రీలు తగ్గితే చప్పుళ్లన్నీ కలిసి తగ్గుతాయి, ఏది దేనివల్ల వచ్చిందో ఇక తెలియదు. పూత మాసిన ఏడాదికి ఠప్పుమనడం మళ్లీ మొదలవుతుంది, అప్పటికి గోడ దగ్గరి చీలికలో నుంచి నీళ్లు ప్లైవుడ్‌లోకి దిగి ఉంటాయి.

సూర్యాపేట_వెల్డింగ్ | ఏప్రిల్ 21, ఉదయం 8:15

మొదట యాంగిళ్ల పని చేయించండి, ఖర్చు తక్కువ. ఒక్కొక్క అడ్డపైపు కింద జాకీ పెట్టి బరువు దాని మీదికి తీసుకున్నాకే బోల్టు విప్పాలి, ఒకేసారి రెండు విప్పకూడదు. యాంగిల్‌లోని గుండ్రని రంధ్రాన్ని పైపు పొడవు దిశగా సాగదీసి గాడిలా చేయాలి. పైపుకూ యాంగిల్‌కూ నడుమ నైలాన్ పలక పెట్టి, బోల్టును చేతి బిగువుకు తెచ్చి, రెండో నట్టుతో తాళం వేయాలి. అప్పుడు పైపు జారుతుంది, కానీ పట్టుకుని జారదు. గాలికి కప్పు పైకి లేవకుండా బోల్టు అలాగే ఉంటుంది. తూర్పు కొసన వెల్డింగు చేసినది కదిలించవద్దు, ఒక కొస కట్టి ఉండాలి, ఒక కొస జారాలి.

మేడగది_నల్లగొండ | మే 5, రాత్రి 8:50

గత నెల 27న ఐదు యాంగిళ్లకూ గాడి, నైలాన్ పలక పెట్టించాను. వారం పుస్తకం ప్రకారం సాయంత్రపు ఠప్పులు రోజుకు రెండు మూడుకు తగ్గాయి. ఎండ మాత్రం తగ్గలేదు, కప్పు 68 డిగ్రీలు కూడా చూపించింది. పొద్దుటి టిక్కుల్లో ఏ మార్పూ లేదు. మిగిలిన ఆ రెండు మూడు ఠప్పులు గోడ చీలిక వైపు నుంచేనని స్క్రూడ్రైవరుతో వింటే నాకు అనిపిస్తోంది.

ఫైబర్_పని_మిర్యాలగూడ | మే 5, రాత్రి 9:30

మీకు అనిపించినది నిజమే అయి ఉంటుంది. గోడ మీది పొరను కోత మిషనుతో అడ్డంగా కోసి గోడ నుంచి విడిపించాలి. కప్పు అంచున ప్లైవుడ్‌కు మాత్రమే బిగించిన ఆరు అంగుళాల చెక్క నిలువుపట్టీ పెట్టి, మ్యాట్‌ను దాని మీదికి మలచాలి. ఆ పట్టీకీ గోడకూ మధ్య అర అంగుళం సందు ఉండాలి. పైనుంచి వాన పడకుండా గోడలో గాడి కోసి, ఒక అల్యూమినియం రేకు అంచును ఆ గాడిలో దించి సీలెంటు పెట్టాలి, రెండో అంచు నిలువుపట్టీ మీదుగా విడిగా వేలాడాలి. రేకును కింద స్క్రూతో బిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

గుల్ల పడిన చోటు సంగతి. అక్కడ ప్లైవుడ్ తడిగా ఉన్నప్పుడో, మంచు పడిన పొద్దునో పొర వేసి ఉంటారు. గుల్ల ఉన్నంత మేర కోసి తీసేయండి, ప్లైవుడ్‌ను రెండు రోజులు ఎండనివ్వండి, చుట్టూ ఉన్న పాత పొరను నాలుగు అంగుళాల మేర గరుకు డిస్కుతో రుద్దండి, అప్పుడు కొత్త మ్యాట్ వేయండి. ఈ ఎండల్లో ఉదయం ఎనిమిది లోపు రెజిన్ పని ముగియాలి. రెజిన్‌ను గడ్డకట్టించే హార్డెనర్ నూటికి ఒక పాలు దాటనివ్వకండి. ఎక్కువ పోస్తే మ్యాట్ తడిసేలోపే గడ్డకట్టి, పొర పెళుసుగా తయారవుతుంది.

ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. రెజిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను ఎన్నడూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, మంట లేచి పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ కలపాలి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కళ్లద్దాలు లేనివాడిని డబ్బా ముట్టుకోనివ్వకండి. కుర్రవాళ్లు తెలియక చేసే పని ఇది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వనపర్తి_రేకులిల్లు | మే 6, ఉదయం 10:40

మీ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మేమూ ఇలాంటి కప్పే వేయించుకోవాలని అనుకుంటున్నాము. ఇప్పుడున్న రేకుల ఇంట్లో వాన పడితే పక్కనున్న మనిషి మాట వినపడదు. ఫైబర్‌గ్లాస్ కప్పు కింద వాన చప్పుడు ఎలా ఉంటుంది?

పాలమూరు_సివిల్ | మే 6, రాత్రి 8:05

రేకుల కన్నా చాలా నయం, స్లాబుతో పోలిస్తే మాత్రం ఎక్కువే. ఇది బరువును బట్టి వచ్చే తేడా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీది ఫైబర్ పొర కలిపి చదరపు మీటరుకు 15 కిలోల దరిదాపుల్లో ఉంటాయి. ఐదు అంగుళాల కాంక్రీటు స్లాబు 300 కిలోలు తూగుతుంది. పలుచని పలకను చినుకు సులభంగా కదిలిస్తుంది, బరువైన దానిని కదిలించలేదు. మా తాతగారి ఇల్లు మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద జానెడు మట్టి, ఆ పైన నీరు దిగకుండా చౌడు పరిచేవారు. జడివాన కురుస్తున్నా లోపల నిద్రపోయేవాళ్లం, చూరు నుంచి పడే ధార చప్పుడే వినిపించేది. ఆ బరువు వల్లనే ఎండ సెగ కూడా లోపలికి దిగేసరికి పొద్దుగూకేది.

ఫైబర్‌గ్లాస్ కప్పు కింద అంత నిశ్శబ్దం కావాలంటే అడుగున బరువు చేర్చాలి. రెండు అంగుళాల రాక్‌వుల్ (రాతి నారల పరుపు), దాని కింద రెండు పొరల జిప్సమ్ బోర్డు, ఆ బోర్డులను చట్రానికి నేరుగా కాకుండా రబ్బరు హ్యాంగర్లతో వేలాడదీస్తే వాన చప్పుడు బాగా తగ్గుతుంది. ఇనుముకు నేరుగా బిగిస్తే చప్పుడు ఇనుము వెంట దిగి బోర్డును మోగిస్తుంది. సీలింగు మూసే ముందే కప్పు చప్పుళ్లన్నీ తేల్చుకోవాలి, తరువాత కారణం వెతకడానికి చోటు ఉండదు.

మేడగది_నల్లగొండ | మే 24, రాత్రి 9:20

గోడ దగ్గర పొరను విడిపించి, రేకు పెట్టించి, గుల్ల పడిన చోట కొత్త మ్యాట్ వేయించాము. అప్పటి నుంచి తొమ్మిది సాయంత్రాల్లో ఒక్క ఠప్పు కూడా రాలేదు.

పొద్దుటి టిక్కుల కోసం అల్యూమినియం పట్టీలను చూశాను. 12 అడుగుల ముక్కలను కొస కొస ఒత్తి, అడుగుకొక స్క్రూ గట్టిగా బిగించారు. నల్ల టేపు అంటించి కొలిస్తే పట్టీ 61 డిగ్రీలు ఉంది.

దేవరకొండ_భౌతికశాస్త్రం | మే 24, రాత్రి 9:55

అయితే లెక్క కుదిరింది. 3.6 మీటర్ల అల్యూమినియం 35 డిగ్రీలకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగడానికి చోటు లేక స్క్రూ స్క్రూకూ తన్నుకుంటోంది. ముక్కల మధ్య 4 మిల్లీమీటర్ల సందు కోయించి, ప్రతి ముక్కకూ మధ్య స్క్రూ ఒక్కటి గట్టిగా ఉంచి, మిగతా రంధ్రాలను కోలగా సాగదీయించండి. సందు కింద నీరు దిగకుండా వెడల్పాటి పట్టీ ముక్క ఒకటి ఉండాలి.

మేడగది_నల్లగొండ | జూన్ 19, రాత్రి 8:15

పట్టీల పని అయింది. పొద్దుటి టిక్కులు ఐదారుకు తగ్గాయి, చెవి పెట్టి వింటే తప్ప తెలియవు. ఆ లెక్క పుస్తకంలో రాసుకున్నాకే తెల్లపూత వేయించాము. మబ్బులేని మొన్నటి మధ్యాహ్నం కప్పు 46 డిగ్రీలే చూపించింది. ఏప్రిల్‌లో దారం కట్టి తీసిన కొలతలు మళ్లీ తీశాను, ఎక్కడా తేడా లేదు.

నిన్న రాత్రి పెద్ద వాన పడింది. గోడ దగ్గర ఒక్క చుక్క దిగలేదు. వాన చప్పుడు మాత్రం గట్టిగానే ఉంది, సీలింగు పని వచ్చే నెల పెట్టుకుంటాము. అమ్మ మంచం మళ్లీ పైగదికి చేరింది.

వనపర్తి_రేకులిల్లు | జూన్ 20, ఉదయం 7:00

సంతోషం అండీ. మా పని వచ్చే వారం మొదలవుతుంది. యాంగిళ్ల దగ్గర పెట్టించిన నైలాన్ పలక మందం, గాడి కొలత చెప్పగలరా? ముందే అలా చేయించుకుంటాము.

మేడగది_నల్లగొండ | జూన్ 20, ఉదయం 7:35

పలక 5 మిల్లీమీటర్లు. బోల్టు 10 మిల్లీమీటర్లది, గాడి 11 వెడల్పు, 25 పొడవు. చలికాలంలో పని చేయిస్తే బోల్టును గాడిలో గోడ వైపు కొసకు కాకుండా లోపలి కొసకు దగ్గరగా ఉంచమని మా మేస్త్రి చెప్పారు, ఎండాకాలంలో పైపు గోడ వైపుకే సాగుతుంది కాబట్టి. మీరు వానల్లో చేయిస్తున్నారు కనుక నడిమధ్యలో ఉంచితే సరిపోతుంది. ప్లైవుడ్ పలకల మధ్య 3 మిల్లీమీటర్ల సందు, ఇనుము మీద ఫోము పట్టీ కూడా ముందే వేయించండి.